మధ్యలో ఎగిరిపోయిన ఇరవై రెండేళ్ళు

సంపాదకులకు నమస్కారం.

గణతంత్ర దినోత్సవం మర్నాడు మీ జిల్లా పేజీలో మా కాలనీలో జరిగిన సన్మానం వార్త వేశారు. ఫోటోలో శాలువా కప్పించుకుంటున్న ముసలివాణ్ణి నేనే. ఫోటో కింద ఇలా రాశారు: ‘సైన్యంలో పదిహేనేళ్ళు సేవలందించి, 1971 యుద్ధంలో పాల్గొన్న ఈయన ప్రస్తుతం గుంటూరులో విశ్రాంత జీవితం గడుపుతున్నారు.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నేను సైన్యం నుంచి బయటికి వచ్చింది 1984లో, నా ముప్పై నాలుగో ఏట. ఆ వయసులో విశ్రాంతి తీసుకునే భాగ్యం మా వంశంలో ఎవరికీ పట్టలేదు. 1986 నుంచి 2008 దాకా గుంటూరులోనే ఒక జూట్ మిల్లులో ఫిట్టరుగా పనిచేశాను. సైన్యంలో ఉన్నదానికంటే ఏడేళ్ళు ఎక్కువ. ఆ మాట మీ విలేకరికి చెప్పాను కూడా. అతను మర్యాదగా తల ఊపి, ‘యుద్ధం గురించి చెప్పండి సార్’ అన్నాడు.

దిద్దుబాటు వేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఇరవై రెండేళ్ళు మీ ఫోటో కింద మాత్రమే కాదు, ప్రభుత్వం లెక్కల్లో కూడా ఎగిరిపోయాయి. నా ఒక్కడి సంగతే అయితే ఊరుకునేవాణ్ణి. నాతో పనిచేసిన వాళ్ళందరి సంగతి అదే. రేపు సైన్యం నుంచి తిరిగి రాబోయే పిల్లల సంగతీ అదే కాబోతోంది. అందుకని రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి. కత్తిరించవలసి వస్తే యుద్ధం ముక్క కత్తిరించండి, మిల్లు ముక్క మాత్రం ఉంచండి.

మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. నల్లరేగడి మెట్ట. నాన్నకు మూడెకరాలు, నేనూ తమ్ముడూ ఇద్దరం వారసులం. జొన్న, కంది వేసేవాళ్ళం; కొంచెం మిరప, ఒక చెక్కలో పొగాకు. వాన పడితే పంట, లేకపోతే అప్పు. మిరప నారు నాటిన కొత్తలో వాన మొహం చాటేస్తే చెరువు నుంచి కావిడితో నీళ్ళు మోసి మొక్క మొక్కకూ పోసేవాళ్ళం. భుజం మీద కావిడి బద్ద చేసిన కాయ నాకు సైన్యంలో చేరిన తర్వాత కూడా చాలాకాలం పోలేదు. గొర్రు తోలేటప్పుడు జడ్డిగంలో గింజలు పోయడం అమ్మ పని. చెయ్యి ఒక్క క్షణం ఆగితే సాలులో అంతమేర మొలక ఉండదు. వారం తర్వాత ఆ ఖాళీ ఊరందరికీ కనిపిస్తుంది. అమ్మ పోసిన సాళ్ళలో ఖాళీ ఉండేది కాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికి నాకు అయిదేళ్ళు. నా పెళ్ళి నాటికి మన చేలోకి నీళ్ళు వస్తాయని నాన్న అనేవాడు. 1967 ఆగస్టులో కుడి కాలువకు నీళ్ళు వదిలారు. ఊరు ఊరంతా చూసి వచ్చింది. అయితే కాలువలో నీళ్ళు వేరు, చేలో నీళ్ళు వేరు. పిల్లకాలువలు తవ్వాలి, తూములు పెట్టాలి, పల్లం చూసుకోవాలి, పై ఊరి వాళ్ళు వదలాలి. మూడెకరాల మీద ఇద్దరం పెళ్ళాం పిల్లలతో బతకలేమని తేలిపోయి, 1969లో గుంటూరులో సైన్యంలో చేర్చుకుంటున్నారంటే వెళ్ళి నిలబడ్డాను. ఛాతీ కొలిచారు, పరుగెత్తించారు, తీసుకున్నారు. దేశభక్తి అంటారా, అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మనియార్డరు పంపే అవకాశం. మా మెట్ట ఊళ్ళ నుంచి చేరినవాళ్ళలో చాలామందికి వరస అదే. సన్మాన సభల్లో ఈ మాట అంటే మైకు లాక్కుంటారని ఇక్కడ రాస్తున్నాను.

బెంగుళూరులో ఉల్సూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజినీర్ గ్రూపు (మద్రాస్ సాపర్స్ అన్నా అదే) కేంద్రంలో శిక్షణ. 1780 నాటి దళం అది. అక్కడి సిపాయిని ‘తంబీ’ అంటారు. తమిళుడైనా, మలయాళీ అయినా, నావంటి ఫిరంగిపురం వాడైనా తంబీయే. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మైన్లు పాతడం, పాతినవి తీయడం మా పని. 1971 డిసెంబరులో సాంబా వైపు నుంచి షకర్‌గఢ్ దిక్కుకు కదిలాం. శత్రువు పాతిన మైన్ల మధ్య ట్యాంకులకు దారి చేయాలి. చలికి బిగుసుకున్న వేళ్ళతో, బోర్లా పడుకుని, సన్నటి ఊచను ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ, దేనికి తగిలిందో చేతితోనే పసిగట్టాలి. 17వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు కాల్పులు ఆగాయి. ఇంతకంటే చెప్పను. మా సెక్షన్‌లో ఒక కేరళ కుర్రవాడికి మోకాలి కింద కాలు పోయింది. పుణెలో సైన్యానికి కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది. అక్కడ అతనికి కాలు అమర్చారు, వైకల్యానికి పింఛను ఇచ్చారు, చివరిదాకా అతని మంచిచెడ్డలు చూసుకున్నారు. ఇది మనసులో ఉంచుకోండి, దీనితో కింద పని ఉంది.

తర్వాత ఈశాన్యంలో కొండదారులు, ఇనుప ముక్కలు బిగించి కట్టే బెయిలీ వంతెనలు, రెండు చోట్ల వరదలు. సెలవు వస్తే జీటీ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా, అక్కడి నుంచి గుంటూరు, గుంటూరు నుంచి ఫిరంగిపురానికి మీటరు గేజి బండి. వచ్చిన ప్రతిసారీ ఊరి రంగు కొంచెం మారి ఉండేది. నీళ్ళు వచ్చాయి, జొన్న వెళ్ళిపోయింది, పత్తి వచ్చింది.

1984లో నాయక్ హోదాలో పింఛను మీద ఇంటికి వచ్చాను. కొంత కౌలుకు తీసుకుని తమ్ముడితో కలిసి పత్తి వేశాను. ఎరువులు, మందులు, కౌలు తీసేస్తే చేతిలో మిగిలేది మా ఇద్దరి కూలి కూడా కాదు. ఇక చాలనుకుని 1986లో మిల్లులో చేరాను. మరుసటి ఏడాదే, 1987-88లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. పైరెత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. రైతులు అదే మందు తాగి చనిపోయారు. మా తమ్ముడు బతికి బయటపడ్డాడంటే ఆ ఏడు ఇంట్లోకి నా మిల్లు జీతమూ, సైన్యం పింఛనూ వచ్చాయి కనుక. రైతు కష్టం గురించి మీ పత్రికలో నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు, దాన్ని అక్కడ వదిలేస్తాను.

మిల్లు గురించి రాసేవాళ్ళు లేరు. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

మాజీ సైనికుడు ఫ్యాక్టరీకి వెళితే అతనికి మొదట చూపించేది గేటు దగ్గర స్టూలు. కర్ర ఒకటి ఇస్తారు, టోపీ ఒకటి ఇస్తారు. నాకు సైన్యంలో ఫిట్టరు ట్రేడు ఉంది కనుక లోపలికే వెళతానని పట్టుబట్టాను. లోపలికి వెళ్ళాక గేటు దగ్గర కూర్చున్నవాడి ఊపిరితిత్తులే బాగుంటాయని తెలిసింది.

జనపనార బెంగాలు నుంచి వచ్చేది. గోగునార మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చేది. కట్టలు విప్పి, నూనె నీళ్ళు కలిపిన ద్రావణం చల్లి, మెత్తబరిచే యంత్రం గుండా పంపి, కుప్పగా వేసి మాగబెడతారు. కుప్ప లోపల వేడెక్కుతుంది. ఆ వాసన చొక్కాకు కాదు, చర్మానికి పడుతుంది. మా ఆవిడ నా బట్టలకు వేరే బకెట్టు పెట్టింది. నేను మిల్లు మానేసిన తర్వాత కూడా ఆ బకెట్టును ఇంట్లో ఇంకే పనికీ వాడనివ్వలేదు. మాగిన నార కార్డింగుకు వెళుతుంది. ముళ్ళ వంటి తీగలు బిగించిన పెద్ద పెద్ద రోలర్లు దాన్ని చీల్చి, దువ్వి, పట్టీలుగా వదులుతాయి. దుమ్మంతా అక్కడే. ముక్కుకు గుడ్డ కట్టుకోమని గోడ మీద రాసి ఉండేది. గుడ్డ కట్టుకుని ఎనిమిది గంటలు ఆ వేడిలో నిలబడడం ఎలాగో రాయలేదు. అక్కడి నుంచి డ్రాయింగు, స్పిన్నింగు, వైండింగు, బీమింగు, తర్వాత మగ్గాలు. నార పొడిగా ఉంటే దారం తెగిపోతుంది. అందుకని షెడ్డులో గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంచాలి, నీటి తుంపర కొడుతూ ఉండాలి. గుంటూరు మే నెల ఎండ మీకు తెలుసు. రేకుల కప్పు కింద, మూసిన కిటికీల లోపల, ఆ చెమ్మలో రాత్రి షిఫ్టు చేసినవాడికి నరకం గురించి పురాణం చెప్పనక్కర లేదు.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. అంతా సైగలే. దారం తెగిందంటే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒక సైగ, టీ వచ్చిందంటే ఇంకొకటి. అక్కడ పదేళ్ళు చేస్తే చెవులు సగం పోతాయి. మా మిల్లు పాతవాళ్ళు ఫోనులో మాట్లాడుకుంటే వీధి మొత్తానికి సమాచారం అందుతుంది. ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు, వీళ్ళకు ఎందుకో అర్థం కాదు. ఆ చెవుడుకు ఎవరూ పరిహారం అడగలేదు. అడగవచ్చని కూడా మాలో చాలామందికి తెలియదు.

బదిలీ కార్మికుల గురించి చెప్పాలి. పర్మనెంటు మనిషి ఎవరైనా రాకపోతే ఆ రోజుకు వాళ్ళకు పని. షిఫ్టు కూత వేసే వేళకు గేటు బయట నిలబడతారు. పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే క్యారేజీ చేతపట్టుకుని ఇంటికి. పెళ్ళి కాకముందు బదిలీగా చేరి, మనవరాలు పుట్టిన తర్వాత కూడా బదిలీగానే ఉన్నవాడు నాకు తెలుసు. సైన్యంలో నన్ను రేపు రావద్దని ఎవరూ అనలేదు. సేద్యంలో పంట పోవచ్చు గాని, నీ చేలోకి నువ్వు వెళ్ళడానికి నిన్ను ఎవరూ పేరు పెట్టి పిలవనక్కర లేదు. మిల్లు గేటు దగ్గర మొదటిసారి ఆ నిలబడడం చూసినప్పుడు, నేను మూడు పనులూ చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, వీటిలో మనిషిని ఎక్కువగా చిన్నబుచ్చేది ఇదేననిపించింది.

నెల్లిమర్ల వైపు నుంచి వచ్చి మా మిల్లులో కుదురుకున్న నేతగాడు ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్ద. మగ్గం శబ్దం విని, నేను పానా తీయకముందే ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. ఆయన కొడుకు కార్డింగులో చేరాడు. ఒక రాత్రి షిఫ్టులో రోలరు దగ్గర చుట్టుకున్న నారను లాగబోయి కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. కార్మికుల బీమా సంస్థ ఈఎస్ఐ నుంచి, పోయిన అవయవానికి శాతం లెక్కగట్టి నెలకు కొంత వచ్చేది, కాదనను. అయితే కుట్టు నయమైన తర్వాత మనిషి ఎక్కడున్నాడని అడిగినవాడు లేడు. పైన చెప్పిన కేరళ కుర్రవాడి కాలు ఇప్పుడు గుర్తు చేసుకోండి. ఇద్దరూ డ్యూటీలో ఉండగానే పోగొట్టుకున్నారు. ఒకరిది త్యాగం అయింది, ఇంకొకరిది అజాగ్రత్త అయింది. మిల్లు రికార్డులో రాసిన కారణం ఆ అజాగ్రత్తే.

ఇంతా చేసి మేము నేసింది ఏమిటి? గోనె సంచి. మీకు అది చిన్న వస్తువుగా కనిపించవచ్చు. భారత ఆహార సంస్థ గోదాముల్లో నీలిగీతల సంచుల దొంతరలు చూడండి, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిరప బస్తాల, వరసలు చూడండి. ధాన్యం కొనుగోళ్ళ కాలంలో గోనె సంచులు అందక రైతులు కల్లాల్లో పడిగాపులు కాస్తున్నారని ఏటా మీరే వార్త వేస్తారు. ఆ వార్తలో రైతు ఉంటాడు, మిల్లరు ఉంటాడు, అధికారి ఉంటాడు. సంచి నేసినవాడు ఏనాడూ ఉండడు. ఆహారధాన్యాలను, పంచదారను జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో పార్లమెంటు చట్టం చేసింది. అప్పుడు మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. తర్వాత సిమెంటు, ఎరువులు ప్లాస్టిక్ సంచుల్లోకి వెళ్ళిపోయాయి. విశాఖ దగ్గరి చిట్టివలసలో జూట్ మిల్లు మూతపడింది. నేను పనిచేసిన మిల్లు కూడా నేను దిగిపోయిన తర్వాత మూతపడింది. దాని మీద ఎవరి వాదన వారికి ఉంది, ఇప్పుడు నా విషయం అది కాదు.

నా విషయం పింఛను.

2008లో యాభై ఎనిమిది నిండి దిగిపోయాను. కార్మికుల పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. లెక్క ఇలా వేస్తారు: పింఛనుకు పరిగణించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి, 70తో భాగిస్తారు. భవిష్య నిధి (పి.ఎఫ్.) లెక్కకు వచ్చే నా జీతం 4,200 రూపాయలు. 1995 తర్వాత సర్వీసు, లాకౌటు కాలం తీసేసి, పన్నెండేళ్ళు. 4,200ను 12తో హెచ్చించి 70తో భాగించండి, 720 వస్తుంది. అంతకుముందు చేసిన కాలానికి పాత కుటుంబ పింఛను లెక్కన ఇంకో రెండు వందల చిల్లర. అంతా కలిపి వెయ్యికి లోపు. 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను వెయ్యి చేశారు కనుక నాది వెయ్యి అయింది. పదేళ్ళు దాటింది. ఇవాళ కూడా నా ఖాతాలో పడేది ఆ వెయ్యే. కరువు భత్యం లేదు. పదేళ్ళ సర్వీసు నిండని బదిలీ వాళ్ళకు ఆ వెయ్యి కూడా లేదు; కట్టిన సొమ్ము ఏదో లెక్కగట్టి ఇచ్చి పంపించారు.

సైన్యం పింఛను నాకు నెలకు ముప్పై వేలకు అటూ ఇటూ వస్తుంది. ఏటా రెండుసార్లు, జనవరిలో ఒకసారి జూలైలో ఒకసారి, కరువు భత్యం పెరుగుతుంది. 2014 జూలై నుంచి ఒకే ర్యాంకుకు ఒకే పింఛను వర్తింపజేశారు. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం కార్డు ఉంది; గుండెకు వైద్యం దాని మీదే చేయించుకున్నాను. ఇంత ఇస్తున్నారని దేశానికి నేను రుణపడి ఉన్నాను. నన్ను తిట్టుకునే తోటి మాజీ సైనికులు ఉంటే ఈ వాక్యం రెండుసార్లు చదవాలి: అందులో ఒక్క రూపాయి తగ్గించమని నేను అడగడం లేదు.

మా తమ్ముడికి డెబ్బై రెండేళ్ళు. వాడికి రాష్ట్ర ప్రభుత్వం వృద్ధాప్య పింఛను నాలుగు వేలు ఇస్తోంది. వాడు ఒక్క పైసా చందా కట్టలేదు. కట్టవలసిన పని కూడా లేదు, అది ముసలివాడికి ప్రభుత్వం చేసే ధర్మం, చేయాలి. నేను చూపిస్తున్నది వేరు. ఇరవై రెండేళ్ళు మిల్లులో నార పీల్చి, 1995 నవంబరు నుంచి యజమాని చేత నెల నెలా జీతంలో 8.33 శాతం పింఛను నిధికి కట్టించుకున్నవాడికి వచ్చేది అందులో నాలుగో వంతు. చందా కట్టినవాడు చందా కట్టనివాడికంటే తక్కువ తీసుకునే పథకం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో మీ ఆర్థిక విషయాల పేజీ వాళ్ళు చెప్పాలి.

పి.ఎఫ్. కార్యాలయంలో ఒక అధికారి ఓపికగా నాకు సమాధానం చెప్పాడు. సైన్యం పింఛను ఖజానా నుంచి వస్తుందట, ఇది నిధి నుంచి వస్తుందట. నిధిలో ఎంత ఉంటే అంతే ఇవ్వగలమన్నాడు. నిజమే. ఆ నిధిలోకి కేంద్రం వేసేది జీతంలో 1.16 శాతం. పింఛనుకు పరిగణించే జీతానికి పరిమితి 2001 దాకా 5,000, తర్వాత 2014 దాకా 6,500, ఆ తర్వాత 15,000. పరిమితి కింద పెట్టింది వాళ్ళే, తక్కువ వసూలు చేసింది వాళ్ళే, ఇప్పుడు తక్కువ ఉందంటున్నదీ వాళ్ళే. రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్ సింగ్ కోషియారీ అధ్యక్షతన, కనీస పింఛను 3,000 చేసి కరువు భత్యం కలపాలని 2013లోనే సిఫారసు చేసింది. అది మిల్లు కార్మికులు రాసుకున్న కోరికల పత్రం కాదు, పార్లమెంటు సభ్యులు సంతకం చేసిన నివేదిక. పింఛనుదారుల సంఘాలు ఇప్పుడు 7,500 అడుగుతున్నాయి. నేను అంకె మీద పట్టుబట్టను. కరువు భత్యం మీద పట్టుబడతాను. ధర పెరిగితే సైనికుడికి పెరిగినట్టే కార్మికుడికీ పెరుగుతుంది. కందిపప్పు కొట్టువాడు నన్ను ఏ పింఛనుతో కొంటున్నావని అడగడు.

ఇక నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టిన అసలు కారణం.

తెల్లవారుజామున నేను బ్రహ్మానందరెడ్డి స్టేడియం వైపు నడకకు వెళతాను. అక్కడ పరుగు తీసే పిల్లలు నన్ను చూసి ఆగుతారు. ‘తాతగారూ, మా ఛాతీ సరిపోతుందా, మైలు పరుగు ఎన్ని నిమిషాల్లో అవ్వాలి’ అని అడుగుతారు. చెబుతాను. వాళ్ళు వెళ్ళేది అగ్నివీర్లుగా. 2022 జూన్‌లో ఆ పథకం ప్రకటించారు. అప్పుడు ప్రకటించింది పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి మధ్య వయసు, నాలుగేళ్ళ నౌకరీ. నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలు ఇచ్చి ఇంటికి పంపుతారు. పింఛను లేదు. ఆ పథకం మంచిదో చెడ్డదో నన్ను అడగకండి, నాకు అభిప్రాయం ఉంది గాని ఈ ఉత్తరంలో దాన్ని కలపను.

నేను చూసేది ఆ మిగతా డెబ్బై అయిదు మందిని. ఇరవై అయిదేళ్ళ లోపే గుంటూరు బస్టాండులో ట్రంకు పెట్టెతో దిగుతారు. మూడెకరాలు ఎకరమై ఉంటుంది, లేదా ప్లాట్లై ఉంటుంది. పోలీసుల్లో, పారామిలటరీలో కొంతమందికి చోటు దొరుకుతుంది. మిగిలినవాళ్ళు ఎక్కడికి వెళతారు? ఆటోనగర్‌కు, కొండపల్లికి, స్పిన్నింగు మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు, గేటు దగ్గరి స్టూలు మీదికి. నేను ఆ దారిన వెళ్ళినప్పుడు నా వెనక సైన్యం పింఛను ఉంది. మిల్లు నాకు ఎంత తక్కువ ఇచ్చినా ఇల్లు నిలబడిందంటే దానివల్లే. నా పక్కన పనిచేసినవాడికి అది లేదు, వాడి ఇల్లు నిలబడలేదు. రేపు వచ్చే పిల్లలకు వాడి పరిస్థితి పడుతుంది, నా పరిస్థితి కాదు. కనుక కార్మికుడి పింఛను ఇక ఏ ‘కార్మిక’ పేజీలోనో ఒక మూలకు వేసే విషయం కాదు. యాభై ఎనిమిదేళ్ళకు ఆ మాజీ సైనికుడి చేతిలో పడేది ఆ వెయ్యి రూపాయల పింఛనే.

ఎం.పి.లకు, మంత్రులకు రాయవలసినవి వేరే రాశాను. మీకు రాస్తున్నది ఒక్కటి అడగడానికి. జనవరిలో, ఆగస్టులో మా దగ్గరికి వస్తారు, రండి. మే ఒకటో తారీకున మాత్రం జెండా ఎగరేసే నాయకుడి ఫోటో వేసి వదిలేయకండి. మూతపడిన మిల్లుల వెనక వీధుల్లోకి ఒక విలేకరిని పంపండి. వేళ్ళు పోయిన ఆ కార్డింగు మనిషి ఉన్నాడు. భర్త పోయి ఆ వెయ్యి మీద ఉన్న నేతగాళ్ళ భార్యలు ఉన్నారు. వాళ్ళకు చెప్పడానికి చాలా ఉంది, కాస్త గట్టిగా మాట్లాడవలసి వస్తుందంతే.

చివరగా ఈ ఉత్తరం చదివే పాత మిల్లు వాళ్ళకు రెండు సంగతులు. ఈఎస్ఐలో కనీసం అయిదేళ్ళు ఉండి పదవీ విరమణ చేసినవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళలో కూడా ఇది తెలియనివాళ్ళు నాకు తగులుతున్నారు. రెండోది, మనం బతికే ఉన్నామని ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం. నార లాగి లాగి మన వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం మనల్ని గుర్తుపట్టదు. ముద్ర పడలేదని తిప్పి పంపితే పింఛను ఆగిపోయిందని ఇంట్లో కూర్చోకండి. ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు, నవంబరు దాకా ఆగనక్కర లేదు, మన పథకం వాళ్ళు ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. మా మనవడు నా ఫోనులో ఆ యాప్ పెట్టి ఇచ్చాడు. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, మా ఇల్లు మీలో చాలామందికి తెలుసు. ఆధార్ కార్డు, పి.పి.ఓ. (పింఛను మంజూరు ఉత్తర్వు) కాగితం, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. కళ్ళద్దాలు తీసి చూడాలి, వెలుతురు ముఖం మీద పడాలి. పదింటి లోపు వస్తే మా వరండాలో ఎండ బాగా ఉంటుంది.

ఇట్లు,
ఒక జూట్ మిల్లు ఫిట్టరు
(మాజీ నాయక్, మద్రాస్ సాపర్స్)
గుంటూరు